"ఇప్పుడు అది నేర్చుకుంటే ఏమొస్తుంది?" అని అడిగేవాళ్ల కోసం

మన ఇళ్లలో పెద్దయ్యాక ఎవరైనా కొత్తగా ఏదైనా మొదలుపెడితే, అంటే నలభై దాటిన ఆవిడ వీణ క్లాసులో చేరినా, రిటైరైన ఆయన రంగుల డబ్బా కొనుక్కున్నా, మొదట వినిపించే మాట ఒకటే. "ఇప్పుడు అది నేర్చుకుంటే ఏమొస్తుంది?" అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. మార్కులో, ఉద్యోగమో, డబ్బో, కనీసం నలుగురి మెప్పో రాని పనికి టైము పెట్టడం మనకు అలవాటు లేదు, అంతే. కానీ ఆ ప్రశ్నకు నిజంగా జవాబుంది. ఈమధ్య "బొమ్మలేస్తే బీపీ తగ్గుతుంది, పాట పాడితే మతిమరుపు రాదు" లాంటి మాటలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి కాబట్టి ఏది ఎంతవరకు నిజమో విడదీసి చూడటం అవసరం కూడా.

మా అమ్మకి ఒక ముగ్గుల పుస్తకం ఉండేది. పాత లెక్కల నోటుబుక్కు, పెన్సిలుతో పెట్టిన చుక్కలు, పక్కన "11 చుక్కలు, సందు చుక్క, 6 వచ్చే వరకు" అని రాత. అంటే నడిమి వరుసలో పదకొండు పెట్టి, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ ఆరు దాకా పోవాలి. లెక్కేస్తే 91 చుక్కలు. ధనుర్మాసం చలిలో, ఇంకా తెల్లవారకముందే, ఆ 91 చుక్కలూ కళాపి చల్లిన నేల మీద పడిపోయేవి. నాన్న ఆరు నెలలు మంచాన పడిన ఏడాది కూడా ఆమె ఒక్క రోజు మానలేదు, పైగా మునుపటి కంటే పెద్ద ముగ్గులు వేసేది. ఇంత కష్టంలో ముగ్గులేమిటని బంధువుల్లో ఒకరిద్దరు ఆశ్చర్యపోయారు కూడా. నేను అడిగితే "వేస్తున్నంతసేపూ ఇంకేదీ గుర్తు రాదే" అంది. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

టెన్షన్‌లో ఉన్న మనిషి బుర్రలో జరిగేది ఏమిటంటే, ఒకే ఆలోచన తిరగలిలా తిరుగుతూ ఉంటుంది. రిపోర్టు ఏమొస్తుందో, అప్పు ఎలా తీరుతుందో, అతను ఆ మాట ఎందుకన్నాడో. ఆలోచించొద్దు అని మనకు మనం చెప్పుకుంటే ఆగదు. టీవీ పెట్టుకున్నా ఆగదు, ఎందుకంటే టీవీ చూస్తూ దిగులు పడటం చాలా తేలిక, రెండూ పక్కపక్కనే నడిచిపోతాయి. కానీ మెలికల ముగ్గు వేస్తూ దిగులు పడి చూడండి. గీత ఒక చుక్క చుట్టూ తప్పు వైపు తిరిగిందంటే చివర కలవదు, మొత్తం చెరపాలి. ప్రతి క్షణం చిన్న నిర్ణయం తీసుకోవాలి, దాని ఫలితం వెంటనే కళ్ల ముందు కనబడుతుంది. మన ధ్యాసకు ఒక పరిమితి ఉంది, ఒకేసారి పట్టుకోగలిగేవి కొన్నే. ఆ చోటంతా చేతిలో పని ఆక్రమించుకుంటే తిరగలికి గింజలు అందవు.

దీన్ని శాస్త్రంగా మొదట గట్టిగా పట్టించుకున్న మనిషి మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి. హంగేరీ కుటుంబంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త, 2021లో పోయాడు. బొమ్మలు వేసేవాళ్లు ఆకలి, అలసట మరచిపోయి గంటలు గంటలు పనిలో మునిగిపోవడం, బొమ్మ పూర్తవగానే దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి మొదలుపెట్టడం చూసి ఆయనకు ఆసక్తి పుట్టింది. ఆ స్థితికి ఫ్లో, అంటే ప్రవాహం, అని పేరు పెట్టాడు. అందులోకి వెళ్లాలంటే పని మరీ తేలిగ్గా ఉండకూడదు, మరీ మించిపోకూడదు, మన చేతికి కాస్త పైన ఉండాలి. ఏం చేయాలో స్పష్టంగా తెలియాలి, చేసింది ఎలా వచ్చిందో వెంటనే తెలియాలి. ముగ్గు చూడండి, చిన్నపిల్లకు ఐదు చుక్కలు ఇస్తారు, చేయి తిరిగాక పదకొండు, ఆ తర్వాత ఇరవై ఒకటి. మన అమ్మమ్మలకు ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పలేదు గానీ ఆ నోటుబుక్కుల్లో ఉన్నది అదే.

సరే, అది మనసు సంగతి. మరి ఒంటికి?

ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. 39 మంది పెద్దవాళ్లకు మట్టి, మార్కర్లు, కాగితాలు అతికించి బొమ్మ చేసే సరంజామా ఇచ్చి, 45 నిమిషాలు మీ ఇష్టమొచ్చింది చేసుకోండి అన్నారు. మొదలుపెట్టే ముందు, అయిపోయాక, లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. కార్టిసాల్ అంటే ఒత్తిడిలో శరీరం ఎక్కువగా వదిలే హార్మోను. అది గుండె వేగానికీ, రక్తంలో చక్కెరకీ, నిద్రకీ ముడిపడి ఉంటుంది, నెలల తరబడి ఎక్కువగానే ఉండిపోతే శరీరం దాని ధర చెల్లిస్తుంది. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది వేరే విషయం. బొమ్మలు వేయడం బాగా వచ్చినవాళ్లకీ, చిన్నప్పటి నుంచి పెన్సిలు పట్టనివాళ్లకీ తేడా ఏమీ కనబడలేదు.

ఇప్పుడు ఇదే అధ్యయనాన్ని అనుమానంగా చూద్దాం, చూడాలి కూడా. 39 మంది చాలా తక్కువ. పోల్చుకోవడానికి, అదే 45 నిమిషాలు ఊరికే కూర్చున్న ఇంకో గుంపు లేదు. కార్టిసాల్ మామూలుగానే పొద్దున ఎక్కువగా ఉండి రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది. అంటే ఆ తగ్గుదలలో బొమ్మల వాటా ఎంతో ఈ ఒక్క పరీక్ష తేల్చలేదు. నాలుగో వంతు మందికి అసలు తగ్గనే లేదు. అందుకని "ముప్పావు గంట బొమ్మలేస్తే స్ట్రెస్ 75 శాతం తగ్గుతుంది" అని ఎవరైనా పంపిస్తే అది తప్పు. 75 శాతం మందికి ఎంతో కొంత తగ్గింది అన్నది ఒక మాట, 75 శాతం తగ్గింది అన్నది పూర్తిగా వేరే మాట.

మతిమరుపు సంగతి ఇంకాస్త చిక్కుముడి. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఫలితాలు 2003లో వచ్చాయి. చదవడం, చదరంగం లాంటి ఆటలు, వాద్యం వాయించడం, నాట్యం, వీటిలో ఉన్నవాళ్లకు డిమెన్షియా తక్కువగా వచ్చింది. ఒంటి శ్రమ ఉన్న పనుల్లో ఆ తేడా కనిపించింది నాట్యం ఒక్కదానికే. ఇది చదివినప్పుడు నాకు మా వీధి కోలాటం గుర్తొచ్చింది. అడుగు, కోల తగిలించే లెక్క, ఎదుటివాళ్ల వరస, నోట్లో పాట, నాలుగూ ఒకేసారి బుర్రలో ఉండాలి. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. డిమెన్షియా బయటపడటానికి చాలా ఏళ్ల ముందే మెదడులో మొదలవుతుంది. అలా మొదలైనవాళ్లు ఓపిక తగ్గి, పదాలు, అడుగులు గుర్తుండక, ముందుగా హాబీలనే వదిలేస్తారు. అప్పుడు హాబీ ఉండటం వల్ల జబ్బు రాలేదా, జబ్బు రావడం వల్ల హాబీ పోయిందా? పరిశోధకులు ఈ చిక్కును వీలైనంత విడదీయడానికి ప్రయత్నించారు, మొదటి ఏళ్లలో జబ్బు పడినవాళ్లను తీసేసి కూడా లెక్క చూశారు, అయినా అనుమానం పూర్తిగా పోదు.

ఇలాంటిదే డబ్బు చిక్కు. ఇంగ్లండులో 50 దాటిన 6,710 మందిని 14 ఏళ్ల పాటు గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియాలకో నాటకాలకో కచేరీలకో కొన్ని నెలలకోసారైనా వెళ్లేవాళ్లు ఆ కాలంలో చనిపోయే అవకాశం 31 శాతం తక్కువగా ఉంది. కచేరీకి వెళ్లేవాళ్లకు చాలావరకు డబ్బు, తీరిక, కాళ్లలో సత్తువ కూడా ఉంటాయి కదా. ఆ లెక్కలన్నీ సరిచేశాకే ఆ అంకె వచ్చింది, నిజమే. కానీ కంటికి కనబడని తేడాలు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. పైగా అది చూసేవాళ్ల గురించి, చేసేవాళ్ల గురించి కాదు. ఈ అధ్యయనాన్ని చూపించి "పెయింటింగ్ వేస్తే ఆయుష్షు పెరుగుతుంది" అనేవాళ్లు దాన్ని సరిగ్గా చదవలేదు.

ఇన్ని అనుమానాలు చెప్పి ఇక ఏం మిగిలింది అంటారేమో. చాలా మిగిలింది. 16 దేశాల్లో 65 దాటిన 93 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసి 2023లో ప్రచురించిన పరిశీలనలో, దేశం మారినా సంస్కృతి మారినా, హాబీ ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు తక్కువగా, సంతోషం, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. తేడా బ్రహ్మాండమైనది కాదు, కానీ ప్రతిచోటా ఒకే దిశలో ఉంది. ఆ పదహారు దేశాల్లో మన దేశం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలు, ఆరోగ్యం మీద వేసిన నివేదిక మూడు వేలకు పైగా అధ్యయనాలను పోగేసింది. ఏ ఒక్క ఇటుకా గోడ కాదు, కానీ ఇటుకలన్నీ ఒకే వరసలో పడుతున్నాయి.

ముందు ఏది, వెనక ఏది అన్న ప్రశ్నకు దగ్గరగా వెళ్లిన పని ఒకటి న్యూజిలాండ్‌లో జరిగింది. 658 మంది యువతీ యువకులు 13 రోజులు రోజూ డైరీ నింపారు, ఆ రోజు ఏమైనా సృజనాత్మకమైన పని చేశారా, మనసు ఎలా ఉంది అని. పని చేసిన రోజుకు మరుసటి రోజు వాళ్లు మరింత ఉత్సాహంగా ఉన్నట్టు తేలింది. తిప్పి చూస్తే, ఈ రోజు బాగుండటం వల్ల రేపు బొమ్మ వేస్తారు అన్నది అలా కనబడలేదు. అక్కడ సృజనాత్మకమైన పని అంటే పెద్ద కళలేమీ కాదు, పాట కట్టడం, కొత్త వంట చేసి చూడటం, ఊలు అల్లడం లాంటివి.

చూడటం, చేయడం మధ్య తేడాను నేరుగా పరీక్షించింది జర్మనీలో ఒక బృందం. రిటైరైన 28 మందిని రెండుగా చేసి, సగం మందితో పది వారాలు బొమ్మలు వేయించారు, మిగతా సగం మందికి మ్యూజియంలో బొమ్మలు చూపించి వాటి గురించి మాట్లాడించారు. వేసినవాళ్ల మెదడులో కొన్ని భాగాల మధ్య అనుసంధానం మెరుగైంది, కష్టాన్ని తట్టుకునే గుణం పెరిగినట్టూ కనిపించింది. చూసినవాళ్లలో ఆ మార్పు లేదు. ఇదీ చిన్న పరీక్షే. అయినా ఇంటర్వెల్ లేకుండా రీల్స్ చూస్తూ, అందులో ఎవరో చేసిన క్రోషే బ్యాగు సేవ్ చేసుకుని, మనకూ ఒక హాబీ ఉంది అనుకునే మనందరం దీని గురించి ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. సూది పట్టుకుని మొదటి వరస అల్లి, విప్పి, మళ్లీ అల్లితేనే అది మొదలైనట్టు.

రాయడం మాత్రం వీటన్నిటికంటే కాస్త వేరు, దానికి వేరే దారి ఉంది. ముగ్గు మనల్ని దిగులు నుంచి పక్కకు తీసుకెళ్తే, రాత దిగులు లోపలికే తీసుకెళ్తుంది. 1986లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్‌బేకర్ కాలేజీ పిల్లలతో నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, ఎవరితోనూ చెప్పుకోని బాధ గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్లు ఇంకా దిగులుగా ఉన్నారు. కానీ ఏం జరిగిందో, ఎలా అనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాత చాలామంది ఇదే చేసి చూశారు, లాభం సగటున చిన్నదే, అందరికీ ఉండదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, డైరీ మొదలుపెట్టి రెండో రోజు ఏడుపొస్తే ఇది నాకు పడదని మూసేసేవాళ్లను చూశాను. ఆ ఏడుపు మామూలే. గాయం మరీ కొత్తగా ఉంటే మాత్రం రాత పక్కన పెట్టి చేతి పని పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం, మా అమ్మ చేసింది అదే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. హాబీ మందుకు బదులు కాదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి "ఏదైనా హాబీ పెట్టుకోరాదూ" అనడం, కాలు విరిగినవాడిని నడవమనడం లాంటిది. ఆ జబ్బు మొదట తీసేసుకునేదే ఆసక్తిని. మానసిక వైద్యులు కూడా చిన్న చిన్న పనులతో మొదలుపెట్టించే పద్ధతి వాడతారు, ఉత్సాహం వచ్చాక పని చేద్దాంలే అని కూర్చోకుండా పని కొద్దిగా చేస్తే ఉత్సాహం వెనక నుంచి వస్తుందని. కానీ అది వాళ్ల చేతి మీదుగా, మందుల పక్కన, కొలిచి చేసేది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేక, దేని మీదా మనసు పోకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తే, ఏమొస్తుంది అని అడగడంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ స్కూల్లో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 1973లో వచ్చాయి. కొందరికి బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్ని రోజులకు మార్కర్లు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపు మాత్రమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసేది బహుమతి కోసం చేసే పనిగా మారిపోయింది, బహుమతి లేనప్పుడు ఇక ఎందుకు?

మన పిల్లల సంగతి చూడండి. ఆరో తరగతి వరకు డ్రాయింగ్ పోటీలు, కప్పులు, ఫోటోలు. టెన్త్ రాగానే "ఇక బొమ్మలు చాలు", ఇంటర్ రాగానే ఆ మాట కూడా అనాల్సిన అవసరం ఉండదు, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా క్లాసులే. సరిగ్గా టెన్షన్ ఎక్కువయ్యే రెండేళ్లలోనే, టెన్షన్ దింపుకోవడానికి వాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక సాధనాన్ని లాగేసుకుంటున్నాం. రోజూ అరగంట తబలా వాయిస్తే ర్యాంకు పోతుందని నేను నమ్మను. ఈ విషయంలో తల్లిదండ్రులతో గొడవ పడటానికైనా నేను సిద్ధం.

పెద్దవాళ్ల దగ్గర ఇదే ఇంకో రూపంలో వస్తుంది. కాస్త బాగా అల్లితే చాలు, "ఆర్డర్లు తీసుకోవచ్చుగా" అంటారు. ఇంటికి డబ్బు అవసరమైతే తీసుకోవాల్సిందే, అందులో తప్పేం లేదు. అయితే ఆ రోజు నుంచి అది పని. గడువు, బేరం, నచ్చలేదన్న మాట, అన్నీ వస్తాయి. అప్పుడు మనసుకు ఊపిరి పోసుకోవడానికి ఇంకేదైనా వెతుక్కోవాలి.

మన పాత అలవాట్లలో దీనికి మంచి విరుగుడు ఉంది. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ల కింద చెరిగిపోతుంది. తెలంగాణలో గునుగు పూలకు రంగులద్ది, తంగేడు వరసలు పేర్చి, గంటల తరబడి కట్టిన బతుకమ్మను ఆ సాయంత్రమే నీళ్లలో వదిలేస్తారు. బొమ్మల కొలువు పండగ వెళ్లగానే పెట్టెల్లోకి పోతుంది. దాచుకోవడానికి, అమ్ముకోవడానికి ఏమీ మిగలదు, అయినా మరుసటి రోజు, మరుసటి ఏడు మళ్లీ చేస్తారు. దక్కేదంతా చేస్తున్నప్పుడే దక్కుతుంది. పైగా బతుకమ్మ ఒంటరిగా పేర్చరు. పూలు కోయడం నుంచి చప్పట్ల దాకా పక్కన పది మంది ఉంటారు. ఒంటరితనం తగ్గడం అన్నది చాలా అధ్యయనాల్లో హాబీ చేసే మేలులో పెద్ద భాగంగానే కనిపిస్తుంది. అందుకే ఇంట్లో ఒక్కరే ఉండే పెద్దవాళ్లకు పెయింటింగ్ సెట్ కొనిచ్చే కంటే భజన బృందంలోనో కోలాటం గుంపులోనో కలపడం మంచిదేమో.

టైము ఎక్కడుంది అంటారు. ఆడవాళ్లు అంటే నేను కాదనను. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, ఇంటి పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. ఆవిడ వీణ క్లాసుకు వెళ్లాలంటే ఆ గంట గిన్నెలు ఇంకెవరో కడగాలి. హాబీల మీద రాసే వ్యాసాల్లో ఈ మాట ఎక్కువగా కనబడదు. నిజానికి సలహా ఇవ్వాల్సింది ఆమెకు కాదు, ఇంట్లో మిగతావాళ్లకు.

నేను అపార్ట్‌మెంటులోకి వచ్చాక మా గుమ్మం ముందు చాలా ఏళ్లు స్టిక్కరు ముగ్గే ఉండేది. మూడేళ్ల కింద ఆఫీసు ఒత్తిడితో నిద్ర పట్టని రోజుల్లో అమ్మ పుస్తకం తీసి, ఒక చుక్కల నోటుబుక్కు కొని, రాత్రి భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు కాగితం మీద వేయడం మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు విసుగే, మధ్యలో చేయి ఫోను వైపు పోయేది. ఫోను వేరే గదిలో పెట్టాక కుదిరింది. ఎవరికీ చూపించకూడదని ఒక్కటే నియమం పెట్టుకున్నాను. మీకు ముగ్గు నచ్చకపోతే కుండీల్లో మొక్కలు, పద్యాలు, హార్మోనియం, చెక్క పని, ఏదైనా సరే. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు చేతికి మట్టో దారమో తగిలే పని చూసుకుంటే బాగుంటుంది. రోజంతా చేతులతోనే కష్టపడేవాళ్లకు పాట హాయిగా ఉండొచ్చు.

అమ్మకి ఇప్పుడు మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, మనవరాలికి ఐదు చుక్కల ముగ్గు నేర్పుతోంది. మొన్న పాప నాలుగోసారి కూడా గీత తప్పి రబ్బరుతో చెరుపుతుంటే, అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి పిలిచాను. ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.